యాప్‌కీ క్లౌడ్ ఫంక్షన్‌కీ మధ్య కాపలా ఎవరికి అప్పగించాలి? ఐదు దారుల పోలిక

ఒక పాల సేకరణ కేంద్రం యాప్ సంగతి తీసుకుందాం. తెల్లవారి ఐదున్నర నుంచి ఓ రెండు గంటలు, మళ్లీ సాయంత్రం ఓ రెండు గంటలు రైతులు క్యాన్లతో వరసలో నిలబడతారు. కార్యదర్శి లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) ఎంటర్ చేస్తాడు. రైతు తన ఫోన్‌లో ఆ పూట పోసిన పాలు, పదిహేను రోజుల బిల్లు చూసుకుంటాడు. మిగతా రోజంతా సర్వర్‌కి పని ఉండదు. ఇరవై నాలుగు గంటలూ సర్వర్‌ని అద్దెకు ఉంచుకునే బదులు, పిలిచినప్పుడే లేచి పనిచేసే సర్వర్‌లెస్ ఫంక్షన్లు ఇలాంటిదానికి సరిగ్గా సరిపోతాయి.

మేం ఇలాంటి యాప్ ఒకటి చేశాం. ఓటీపీ లాగిన్ పెట్టాం, టోకెన్ (లాగిన్ అయ్యాక యాప్‌కి దొరికే డిజిటల్ చీటీ) తనిఖీ పెట్టాం, అంతా బాగానే ఉందనుకున్నాం. నెల తిరక్కుండానే ఒక రైతు కొడుకు, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, ఫోన్ చేశాడు. "అన్నా, మా పక్కింటి బాబాయి బిల్లు నాకు కనబడుతోంది, చూసుకోండి" అన్నాడు. మా ఫంక్షన్ రైతు నంబరును రిక్వెస్ట్ బాడీలోంచి (యాప్ పంపే డేటాలోంచి) తీసుకునేది. లాగిన్ అయినవాడు 214వ నంబరు రైతే అయినా, 215 అని మార్చి పంపితే 215 బిల్లు ఇచ్చేసేది. టోకెన్ అసలైనదేనా అని చూశాం గానీ, ఆ టోకెన్‌లో ఉన్న మనిషికి ఈ బిల్లు చూసే హక్కుందా అని చూడలేదు.

అప్పటి నుంచి ఏ ప్లాట్‌ఫాం చూసినా రెండు ప్రశ్నలు వేరువేరుగా వేసుకుంటున్నాను. నువ్వెవరు? ఇది నీదేనా? మొదటిదానికి జవాబు చెప్పడానికి ప్రతి కంపెనీ దగ్గరా ఏదో ఒక సదుపాయం ఉంది. రెండోది మనం రాసుకోవాల్సిందే. అందుకే "ఏ క్లౌడ్ మంచిది" అని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఒకటే: మీ యూజర్ల లాగిన్ ఎక్కడుందో, ఎక్కడ ఉండబోతోందో అది ముందు తేల్చుకోండి. ఫంక్షన్ ఎక్కడ నడవాలన్నది దాని వెంటే తేలుతుంది.

## ముందు ఏం చూసుకోవాలి

తలుపు దగ్గర ఆపేదెవరు? చెల్లని టోకెన్‌తో వచ్చినవాడిని మన కోడ్ నిద్రలేవక ముందే ఆపుతున్నారా, లేక కోడ్ లోపలికొచ్చాక మనమే ఆపాలా? మొదటి పద్ధతిలో మరిచిపోయే ప్రమాదం తక్కువ, ఫంక్షన్ ఖర్చూ మిగులుతుంది. రెండో పద్ధతిలో స్వేచ్ఛ ఎక్కువ. కానీ పది ఫంక్షన్లలో ఒక్కదానిలో తనిఖీ లైను రాయడం మరిచిపోయినా ఆ తలుపు బార్లా తెరిచి ఉన్నట్టే.

క్లయింట్‌లో (ఫోన్‌లోని యాప్ వైపు) ఎంత పని? టోకెన్‌ని హెడర్‌లో (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే వివరాల్లో) పెట్టడం, గడువు తీరితే కొత్తది తెచ్చుకోవడం ఎస్‌డీకే (ఆ కంపెనీ ఇచ్చే రెడీమేడ్ కోడ్) చూసుకుంటుందా, మనమే చూసుకోవాలా?

దూరం. ముంబైలో డేటాబేస్ పెట్టి ఫంక్షన్‌ని అమెరికాలో నడిపితే, ఒక్కో క్వెరీకి సముద్రాలు దాటి వెళ్లి రావాలి. మన వైపు వాడకానికి గూగుల్‌కి ముంబై, ఢిల్లీ ఉన్నాయి. అమెజాన్‌కి ముంబైతో పాటు 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల కేంద్రం) కూడా ఉంది. హైదరాబాద్ దగ్గర కదా అని మొగ్గేముందు మీకు కావాల్సిన ప్రతి సర్వీసూ అక్కడుందా అని జాబితా చూసుకోండి. కొత్త రీజియన్లకు అన్ని సర్వీసులూ ఒకేసారి రావు.

బయటికి వెళ్లే దారి. రేపు మారాలనుకుంటే యూజర్లను పాస్‌వర్డులతో సహా తీసుకెళ్లగలమా?

ధరను కావాలనే చివరికి వదిలేశాను. చిన్న, మధ్యతరహా యాప్‌కి ఫంక్షన్ల బిల్లు పెద్ద లెక్క కాదు. గూగుల్ వారి ఫైర్‌బేస్‌లో నెలకు 20 లక్షల పిలుపులు, అమెజాన్ వారి లాంబ్డాలో నెలకు 10 లక్షలు, క్లౌడ్‌ఫ్లేర్‌లో రోజుకు లక్ష ఉచితం. ఓటీపీ లాగిన్ పెడితే అసలు ఖర్చు ఎస్ఎంఎస్‌ల దగ్గర మొదలవుతుంది.

## ఫైర్‌బేస్ కాలబుల్ ఫంక్షన్లు

మొబైల్ యాప్ ఒక్కరో ఇద్దరో కలిసి కడుతుంటే, ఓటీపీతోనో గూగుల్ ఖాతాతోనో లాగిన్ ఉంటే, మొదట చూడాల్సింది ఇదే. యాప్‌లోంచి ఫంక్షన్‌ని పేరుతో పిలుస్తాం. యూజర్ ఐడీ టోకెన్‌ని ఎస్‌డీకేనే జతచేసి పంపుతుంది. టోకెన్ ఆయుష్షు ఒక గంట. తీరితే రిఫ్రెష్ టోకెన్‌తో కొత్తది తెచ్చుకునే పని కూడా ఎస్‌డీకేదే. అటువైపు ఫంక్షన్‌లో, తనిఖీ అయిపోయిన యూజర్ వివరాలు రిక్వెస్ట్‌లో ఆథ్ అనే అరలో సిద్ధంగా ఉంటాయి.

చాలామంది పొరపడేది ఇక్కడే. కాలబుల్ ఫంక్షన్ అంటే లాగిన్ తప్పనిసరి అని అర్థం కాదు. పాడైన టోకెన్ వస్తే అది తిప్పి పంపుతుంది, నిజమే. కానీ టోకెనే లేకుండా వస్తే కోడ్ నడుస్తుంది, ఆథ్ అర మాత్రం ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే అన్‌ఆథెంటికేటెడ్ అని తిప్పికొట్టే లైను మొదట్లోనే మీరే రాయాలి. అనానిమస్ లాగిన్ తెరిచి ఉంచితే, ముక్కూ మొహం తెలియనివాడికీ ఆ అర నిండుతుంది. కాబట్టి అర నిండిందని ఊరుకోకుండా లాగిన్ ఏ పద్ధతిలో అయిందో కూడా చూసుకోవాలి.

రీజియన్ దగ్గర ఇంకో చిక్కు. ఏమీ చెప్పకపోతే ఫంక్షన్ అమెరికాలోని సెంట్రల్ రీజియన్‌కి వెళ్లి కూర్చుంటుంది. ముంబై అని కోడ్‌లో రాసి డిప్లాయ్ చేసినా (క్లౌడ్‌లోకి ఎక్కించినా), క్లయింట్ వైపు కూడా ముంబై అని చెప్పకపోతే యాప్ ఇంకా అమెరికా తలుపే తడుతుంది. అప్పుడు ఫోన్‌లో నాట్ ఫౌండ్ వస్తుంది. బ్రౌజర్‌లో అయితే సీఓఆర్ఎస్ (వేరే చిరునామాకి వెళ్లే పిలుపులను బ్రౌజర్ అదుపు చేసే నియమం) ఎర్రర్‌లా కనబడుతుంది. ఆ ఎర్రర్‌ని నమ్మి సీఓఆర్ఎస్ సెట్టింగులతో మధ్యాహ్నమంతా కుస్తీపట్టేవాళ్లను చూశాను. ముందు రెండు వైపులా రీజియన్ ఒకటేనా అని చూడండి.

రెండో తరం ఫంక్షన్లు క్లౌడ్ రన్ అనే గూగుల్ సర్వీసు మీద నడుస్తాయి. మొదటి తరంలో ఒక ఇన్‌స్టెన్స్ (ఫంక్షన్ నడుస్తున్న ఒక కాపీ) ఒకసారికి ఒకే రిక్వెస్ట్ చూసేది. ఇప్పుడు ఒకే ఇన్‌స్టెన్స్ చాలా రిక్వెస్టులను కలిపి చూస్తుంది. పాల కేంద్రం లాంటి చోట ఇది బాగా కలిసొస్తుంది. తెల్లవారి మొదటి ఎంట్రీకి కోల్డ్ స్టార్ట్ (ఫంక్షన్ నిద్రలేచే ఆలస్యం) వల్ల ఒకట్రెండు క్షణాలు ఆగినా, వెనకవాళ్లకు ఆ బాధ ఉండదు. మినిమం ఇన్‌స్టెన్స్ ఒకటి పెడితే ఆ ఆలస్యం కూడా తగ్గుతుంది గానీ, ఖాళీగా ఉన్న సమయానికీ బిల్లు పడుతుంది.

యాప్ చెక్ అనే అదనపు కాపలా కూడా ఉంది. టోకెన్ మనిషెవరో చెబితే, యాప్ చెక్ ఆ రిక్వెస్ట్ మన అసలు యాప్ నుంచే వచ్చిందా అన్నది చూస్తుంది. ఆండ్రాయిడ్‌లో ప్లే ఇంటెగ్రిటీ, ఐఫోన్‌లో యాప్ అటెస్ట్ దీని వెనక ఉంటాయి. ఓటీపీ, చెల్లింపు ఫంక్షన్ల మీద తప్పకుండా పెట్టండి.

సాధారణ హెచ్‌టీటీపీ ఫంక్షన్ కూడా రాయొచ్చు. అప్పుడు హెడర్ చదవడం, అడ్మిన్ ఎస్‌డీకేతో టోకెన్ సరిచూడడం, సీఓఆర్ఎస్ అన్నీ మన పనే. వెబ్‌హుక్‌ల (బయటి సర్వీసు తనంతట తానే మనకు పంపే కబుర్ల) కోసం, బయటి సిస్టమ్‌ల కోసం ఇది కావాలి. మన సొంత యాప్ కోసమైతే కాలబుల్ ఉండగా ఈ తంటా అక్కర్లేదు.

బయటికి వెళ్లే దారి బాగానే ఉంది. కమాండ్ లైన్ నుంచి యూజర్లను పాస్‌వర్డ్ హ్యాష్‌లతో (పాస్‌వర్డుల గుప్తరూపాలతో) సహా ఎగుమతి చేసుకోవచ్చు.

## అమెజాన్: ఏపీఐ గేట్‌వే, లాంబ్డా, కాగ్నిటో

లాంబ్డా ఫంక్షన్‌ని నడుపుతుంది, ఏపీఐ గేట్‌వే దాని ముందుండే తలుపు, కాగ్నిటో యూజర్ల లాగిన్ చూస్తుంది. ఇక్కడ ఒకటి కాదు, నాలుగైదు దారులున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడేది అందుకే.

నా ఓటు గేట్‌వేలో ఒక రకమైన హెచ్‌టీటీపీ ఏపీఐకి, దాని జేడబ్ల్యూటీ (సంతకం ఉన్న టోకెన్) ఆథరైజర్‌కి. టోకెన్ ఎవరు జారీ చేశారు (ఇష్యూయర్), ఎవరి కోసం (ఆడియన్స్), గడువుందా, సంతకం సరైనదేనా అన్నవి గేట్‌వేనే చూస్తుంది. తేడా ఉంటే 401 (నువ్వెవరో తేలలేదు అనే జవాబు) ఇచ్చి అక్కడికక్కడే పంపేస్తుంది, లాంబ్డాకి నిద్రాభంగం ఉండదు. మరిచిపోయే మనిషికి ఇంతకంటే మంచి తోడు లేదు.

పైగా ఈ ఆథరైజర్ కాగ్నిటో టోకెన్లనే నమ్మాలని పట్టుబట్టదు. ఓపెన్ఐడీ కనెక్ట్ అనే లాగిన్ పద్ధతి పాటించే ఎవరి టోకెన్నైనా ఒప్పుకుంటుంది. అంటే ఫైర్‌బేస్‌లో లాగిన్ ఉంచుకుని లాంబ్డాలో ఫంక్షన్లు నడపొచ్చు. ఆడియన్స్ దగ్గర ఫైర్‌బేస్ ప్రాజెక్ట్ ఐడీ, ఇష్యూయర్ దగ్గర ఆ ఐడీతో ముగిసే గూగుల్ సెక్యూర్ టోకెన్ చిరునామా ఇస్తే చాలు. ఫోన్ ఓటీపీ ఫైర్‌బేస్‌లో బాగా కుదిరి, వెనక సిస్టమంతా అమెజాన్‌లో ఉన్న టీములకు నేను చెప్పేది ఈ కలయికే.

గేట్‌వేలో ఇంకో రకమైన రెస్ట్ ఏపీఐలో సొంతంగా లాంబ్డా ఆథరైజర్ రాసుకుని, దాని జవాబును మామూలుగా ఐదు నిమిషాలు, కావాలంటే గంట దాకా దాచుకోవచ్చు. బ్లాక్ చేసిన యూజర్ల జాబితా, నెలసరి చందా కట్టాడా లేదా లాంటి ప్రత్యేక షరతులుంటేనే అటు వెళ్లండి. దాచుకున్న జవాబు ఉన్నంతసేపూ బ్లాక్ చేసినవాడు లోపలికి వస్తూనే ఉంటాడని గుర్తుంచుకోండి.

2022లో వచ్చిన ఫంక్షన్ యూఆర్ఎల్ చూడ్డానికి సులువు. గేట్‌వే లేకుండా లాంబ్డాకే నేరుగా చిరునామా ఇస్తుంది. కానీ దానికి రెండే మార్గాలు: ఐఏఎం (అమెజాన్ అనుమతుల వ్యవస్థ) సంతకం, లేదా తనిఖీ అసలే లేకపోవడం. జేడబ్ల్యూటీ సంగతి దానికి తెలియదు. ఫోన్ యాప్‌కి ఐఏఎం సంతకం పెట్టించాలంటే కాగ్నిటో ఐడెంటిటీ పూల్ ద్వారా తాత్కాలిక తాళాలు ఇప్పించాలి. ఆ సంతకంలో సమయం కూడా ఉంటుంది. ఫోన్ గడియారం ఐదు నిమిషాల కంటే తప్పుంటే రిక్వెస్ట్ తిరిగొస్తుంది. గడియారం సరిగా లేని పాత ఫోన్లు పల్లెల్లో తక్కువేం కాదు. సర్వర్ నుంచి సర్వర్‌కి అయితే బాగుంది, రైతుల ఫోన్లకైతే వద్దు.

కాగ్నిటో గురించి ఒక జాగ్రత్త. యూజర్ పూల్ (యూజర్ల ఖాతాల జాబితా) కట్టేటప్పుడు లాగిన్ దేనితో (ఫోనా, ఈమెయిలా), తప్పనిసరి వివరాలేవి అన్నవి ఒకసారి నిర్ణయించాక మార్చడం కుదరదు. పాస్‌వర్డులు బయటికి రావు, హ్యాష్‌లుగా కూడా. మారాల్సి వస్తే యూజర్లందరి చేతా మళ్లీ పాస్‌వర్డ్ పెట్టించాలి. సొంతంగా మన దేశంలో ఓటీపీ ఎస్ఎంఎస్‌లు లోకల్ రూట్‌లో పంపాలంటే డీఎల్‌టీలో (వ్యాపార ఎస్ఎంఎస్‌ల నమోదు వేదికలో) సంస్థనీ, మెసేజ్ టెంప్లేట్‌నీ నమోదు చేయించాలి. ఆ కాగితాల పనికి సమయం పడుతుంది. కోడ్ అయ్యాక మొదలుపెట్టకండి.

హెచ్‌టీటీపీ ఏపీఐ గేట్‌వే దాటి నడిచే పనికి అర నిమిషమే గడువు. నెలాఖరు బిల్లులన్నీ లెక్కగట్టే పనిలాంటిది ఆ దారిలో పెట్టకూడదు. క్యూలో వేసి, "అందింది" అని వెంటనే జవాబివ్వాలి.

## సుపాబేస్ ఎడ్జ్ ఫంక్షన్లు

సుపాబేస్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చుట్టూ కట్టింది, అది అలవాటున్నవాళ్లకు పుట్టిల్లులా ఉంటుంది. ఇన్వోక్ అని పిలిస్తే ఎస్‌డీకేనే టోకెన్ జతచేస్తుంది. ఇది నీదేనా అన్న రెండో ప్రశ్నను డేటాబేస్‌కే అప్పగించవచ్చు, అసలు బలం అక్కడుంది. రో లెవెల్ సెక్యూరిటీలో "ఈ వరస ఎవరి పేరున ఉందో వాళ్లకే కనబడాలి" అని ఒకసారి రాస్తే, ఏ ఫంక్షన్లో ఏం మరిచిపోయినా పక్కింటి బాబాయి బిల్లు బయటికి రాదు. షరతు ఒక్కటే: ఫంక్షన్ లోపల డేటాబేస్‌ని యూజర్ టోకెన్‌తో పిలవాలి. సర్వీస్ రోల్ కీతో పిలిస్తే ఆ నియమాలేవీ వర్తించవు. సులువుగా ఉందని అన్నిచోట్లా సర్వీస్ రోల్ వాడినవాళ్లు, ఇల్లు కట్టి తాళాలన్నీ గుమ్మానికే వేలాడదీసినట్టు.

ఇక్కడి ఉచ్చు కూడా చెప్పాలి. జేడబ్ల్యూటీ తనిఖీ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అయితే పాత తరహా అనాన్ కీ (లాగిన్ కానివాళ్ల కోసం ఉండే తాళం) కూడా చెల్లుబాటయ్యే జేడబ్ల్యూటీనే. అది మన యాప్‌లోనే ఉంటుంది కాబట్టి ఎవరి చేతికైనా చిక్కుతుంది. దాంతో పిలిచినా తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి తనిఖీ ఆన్‌లో ఉందని ధీమా పడకుండా, ఫంక్షన్ లోపల యూజర్ ఎవరో అడిగి, జవాబు రాకపోతే తిప్పి పంపాలి. వెబ్ యాప్ అయితే సీఓఆర్ఎస్ హెడర్లు కూడా మనమే రాసుకోవాలి.

యూజర్ల పట్టిక మన సొంత డేటాబేస్‌లోనే ఉంటుంది కనుక మారిపోవాలనుకున్నప్పుడు మూటాముల్లె సర్దుకోవడం తేలిక.

## క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్, అజూర్

వర్కర్స్‌కి కోల్డ్ స్టార్ట్ బాధ దాదాపు లేదు. బదులుగా యూజర్ లాగిన్ సదుపాయం కూడా లేదు. టోకెన్ జారీచేసినవాళ్ల పబ్లిక్ కీలు (సంతకం సరిచూసే తాళాలు) తెచ్చుకుని, సంతకం, ఇష్యూయర్, ఆడియన్స్, గడువు నాలుగూ మనమే చూడాలి. సంతకం ఒక్కటే చూసి ఆడియన్స్ వదిలేస్తే, ఇంకెవరి యాప్ కోసమో ఇచ్చిన టోకెన్ మన దగ్గర చెల్లిపోవచ్చు. ఈ నాలుగు పేర్లు చదివితే అర్థమయ్యేవాళ్లకు ఇది చక్కటి ఎంపిక, మిగతావాళ్లకు ఇప్పుడే వద్దు.

మైక్రోసాఫ్ట్ వారి అజూర్ ఫంక్షన్స్‌లో ఫంక్షన్ కీ అని ఒకటుంది. దాన్ని యాప్‌లో పెట్టడం తప్పు. ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) విప్పిచూడడం ఎవరికైనా పది నిమిషాల పని, పైగా ఆ కీ మనిషెవరో చెప్పదు. సరైన దారి యాప్ సర్వీస్ ఆథెంటికేషన్. కోడ్‌కి ముందే అది టోకెన్ చూసి, వచ్చినవారి వివరాలను హెడర్‌లో పెట్టి పంపుతుంది. పాత వ్యాసాలు చూసి బీ2సీ (కస్టమర్ల లాగిన్ చూసే పాత సర్వీసు) కోసం వెతక్కండి. 2025 మే 1 నుంచి దాన్ని కొత్త కస్టమర్లకు ఇవ్వడం లేదు. కంపెనీ ఉద్యోగులంతా మైక్రోసాఫ్ట్ ఖాతాలతో పనిచేసే చోట మాత్రం, లోపలి యాప్‌కి అజూర్‌ని మించింది లేదు.

## ఒక్క చూపులో

| దారి | టోకెన్ చూసేదెవరు | క్లయింట్‌లో మన పని | తరచుగా జరిగే తప్పు |
|---|---|---|---|
| ఫైర్‌బేస్ కాలబుల్ | ఎస్‌డీకే. టోకెన్ లేనివాళ్లను మనమే ఆపాలి | దాదాపు లేదు | ఆథ్ ఖాళీగా ఉందేమో చూడకపోవడం, రీజియన్ మరవడం |
| హెచ్‌టీటీపీ ఏపీఐ, లాంబ్డా | గేట్‌వే | టోకెన్‌ని హెడర్‌లో పెట్టాలి | కొత్త రూట్‌కి (ఏపీఐ చిరునామాకి) ఆథరైజర్ తగిలించకపోవడం |
| లాంబ్డా ఫంక్షన్ యూఆర్ఎల్ | ఐఏఎం, లేదా ఎవరూ లేరు | సంతకం చేయాలి | తనిఖీ లేకుండా తెరిచి ఉంచడం |
| సుపాబేస్ | ప్లాట్‌ఫాం, ఆపైన మనం | దాదాపు లేదు | అనాన్ కీని యూజర్ అనుకోవడం, అన్నిటికీ సర్వీస్ రోల్ |
| వర్కర్స్ | మన కోడ్ | టోకెన్‌ని హెడర్‌లో పెట్టాలి | ఆడియన్స్ చూడకపోవడం |
| అజూర్ | యాప్ సర్వీస్ ఆథెంటికేషన్ | టోకెన్ తెచ్చి హెడర్‌లో పెట్టాలి | ఫంక్షన్ కీని యాప్‌లో దాచడం |

## ఎవరికి ఏది

ఒక్కరే యాప్ కడుతున్న విద్యార్థికో, ఊళ్లో చిన్న వ్యాపారానికి యాప్ చేసిపెట్టే కుర్రాడికో ఫైర్‌బేస్ కాలబుల్ చాలు. ఇంకేదీ చూడకపోయినా నష్టం లేదు.

లెక్కలు, రిపోర్టులు ఎక్కువగా ఉండే యాప్‌కి సుపాబేస్ వైపు మొగ్గుతాను. పాల కేంద్రం యాప్‌ని ఇవాళ మళ్లీ మొదలుపెడితే నేను దీనితోనే కడతాను. పదిహేను రోజుల బిల్లు అంటే ఒక్క ఎస్‌క్యూఎల్ క్వెరీ. రైతు తన వరసలే చూడాలన్నది ఒక్క నియమం.

టీములో నలుగురైదుగురు ఉండి, ఫంక్షన్లు వారానికొకటి పెరుగుతుంటే గేట్‌వే దగ్గరే ఆపే అమెజాన్ దారి పట్టండి. కొత్తగా చేరినవాళ్లు తనిఖీ లైను మరిచినా తలుపు మూసే ఉంటుంది. ఆథరైజర్ లేని రూట్ ఒక్కటి కూడా లేదని డిప్లాయ్‌కి ముందు స్క్రిప్టుతో చూసుకోవడం మాత్రం మీ బాధ్యత.

## ఏది ఎంచుకున్నా తప్పనివి

టోకెన్‌లో "కార్యదర్శి" అన్న హోదా కూడా పెట్టుకోవచ్చు. సౌకర్యమే, కానీ ఆ హోదా టోకెన్ ఉన్నంతసేపూ ఉంటుంది. ఈ పూట కార్యదర్శిని తీసేస్తే, అతని ఫోన్‌లోని టోకెన్ గడువు తీరేదాకా, ఫైర్‌బేస్‌లో అయితే గంట దాకా, అతను వెన్న శాతం దిద్దగలడు. అందుకే డబ్బుతో ముడిపడిన పనులకు హోదాని ప్రతిసారీ డేటాబేస్‌లోనే చూడాలి. చూడ్డానికి మాత్రమే ఉన్న పేజీలకు టోకెన్‌లో ఉన్నది చాలు.

సిగ్నల్ సరిగా లేని చోట యాప్ ఒకే ఎంట్రీని రెండుసార్లు పంపుతుంది. మొదటిది చేరింది, జవాబు రాలేదు, మళ్లీ పంపింది. ఎనిమిది లీటర్లు కాస్తా పదహారు అవుతాయి. ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక విడి గుర్తు పుట్టించి, అదే గుర్తు రెండోసారి వస్తే పాత జవాబునే తిప్పి ఇవ్వాలి. ఇది లాగిన్ సంగతి కాకపోయినా, టోకెన్ గడువు తీరి మళ్లీ పంపే సందర్భంలోనే ఎక్కువగా బయటపడుతుంది.

చెల్లింపు కంపెనీల నుంచి వచ్చే వెబ్‌హుక్‌లకు యూజర్ టోకెన్ ఉండదు. వాటికి లాగిన్ తనిఖీ తీసేసి, వాళ్ల సంతకాన్ని రహస్య కీతో సరిచూసే వేరే ఫంక్షన్ పెట్టాలి. సంతకం చూసేది బాడీని విప్పి మళ్లీ కట్టాక కాదు, వచ్చింది వచ్చినట్టుగా ఉన్న బైట్ల మీద. ఈ ఒక్క ఫంక్షన్ కోసం మిగతావాటి తనిఖీ కూడా సడలించిన ప్రాజెక్టులు చూశాను. అది వద్దేవద్దు.

విడుదలకు ముందు నేను ప్రతి ఫంక్షన్‌కీ ఐదు రిక్వెస్టులు చేత్తో పంపి చూస్తాను. టోకెన్ లేకుండా ఒకటి. గడువు తీరిన టోకెన్‌తో ఒకటి. ఒక అక్షరం మార్చిన టోకెన్‌తో ఒకటి. వేరే ప్రాజెక్టు టోకెన్‌తో ఒకటి. ఈ నాలుగూ 401తో తిరిగి రావాలి. ఐదోదానికి రెండు ఫోన్లు కావాలి: 214వ నంబరు రైతుగా లాగిన్ అయి, 215 బిల్లు అడుగుతాను. దానికి 403 (ఇది చూసే హక్కు నీకు లేదు అనే జవాబు) వచ్చేదాకా యాప్‌ని ప్లే స్టోర్‌లో పెట్టను.